చంద్రుడు దాటే రోజు

ఈ ఉదయం కూడా మా అన్నయ్య గోడవతలి నుంచి పిలిచాడు. మా రెండిళ్ళ మధ్య నడుమెత్తు గోడ ఒకటుంది. దాని మీద చేయి ఆనించి, నా మొహం వైపు కాకుండా నా భుజం పక్కగా చూస్తూ, "ఏరా, ఇవాళేం రోజు?" అన్నాడు. బుధవారమని చెబితే ఆయనకు కోపం వస్తుంది. ఆయన అడిగేది వారం కాదు, తిథి కాదు. లోపలికి వెళ్ళి, కళ్ళజోడు వెతుక్కుని, మేకుకి తగిలించిన ఇంగ్లీషు క్యాలెండరు తీసి, అందులో చీమతలకాయంత అక్షరాలు కూడబలుక్కుని, "పొద్దున పదకొండు దాకా ఆకు రోజు, ఆ తర్వాత గింజ రోజు" అని చదివాను. "చంద్రుడు ఎక్కుతున్నాడా, దిగుతున్నాడా?" అన్నాడు. "ఎక్కుతున్నాడు." "ఎన్నాళ్ళు ఎక్కుతాడు?" అది ఇంకో గడిలో ఉంటుంది. అదీ చదివాను. పొయ్యి మీద నా కాఫీ పొంగి పోయింది. కాఫీ పోయినందుకు కాదు గానీ, ఈ క్యాలెండరుని చింపి పొయ్యిలో పెట్టాలని ఒకప్పుడు ఒట్టు పెట్టుకున్నవాణ్ణి, ఇప్పుడు రోజూ పొద్దున్నే దాన్ని పారాయణం చేస్తున్నాను కదా అని నా మీద నాకే చిరాకు వేసింది. ఆ చిరాకులోనే మూడేళ్ళ కిందటి నాట్లు గుర్తుకొచ్చాయి.

మేం గోదావరి వైపు నుంచి వచ్చినవాళ్ళం. తుంగభద్ర కాలవ వచ్చిన కొత్తలో మా నాన్న అక్కడున్న కాస్త భూమీ అమ్మి, కర్ణాటకలో మాన్వికి ఈవల ఈ నల్లరేగడి కొన్నాడు. అలా వచ్చినవాళ్ళు వేసుకున్న ఊళ్ళని ఇక్కడ ఇప్పటికీ క్యాంపు అనే అంటారు, మేడలు లేచినా సరే. నేను చదువు అబ్బక పొలంలో మిగిలాను. అన్నయ్య కన్నడంలో చదివి, కన్నడంలోనే సైన్సు చెప్పే మాస్టారయ్యాడు. ముప్పై ఏళ్ళకు పైగా ప్రభుత్వ హైస్కూల్లో పాఠం చెప్పాడు. అందుకే ఆయన నోటుబుక్కులన్నీ కన్నడంలో ఉంటాయి, పుస్తకాలు ఇంగ్లీషులో ఉంటాయి, నాతో పోట్లాట మాత్రం తెలుగులో. పాఠం చెప్పినన్నాళ్ళూ ఆయనంత నాస్తికుడు మా క్యాంపులో లేడు. ఇంటికి పునాది ఆషాఢమాసంలో తీయించాడు. గ్రహణం రోజు పిల్లల్ని మైదానంలో కూర్చోబెట్టి అందరికీ అటుకులు పంచాడు. రాహువూ కేతువూ లేరని బోర్డు మీద బొమ్మ గీసి చూపించేవాడు. అలాంటి మనిషి రిటైరైన ఏడాదికల్లా చంద్రుణ్ణి అడక్కుండా వంకాయ మొక్క కూడా పెట్టనన్నాడు.

ఎందుకలా అయ్యాడని చాలామంది నన్ను అడిగారు. నాకు తెలిసిందిది. రిటైరైన కొత్తలో ఆయన రోజూ పొద్దున పది గంటలకి చొక్కా వేసుకుని వరండాలో కూర్చునేవాడు. ఎక్కడికీ వెళ్ళేది లేదు. గంట కొడితే లేచి, గంట కొడితే కూర్చుని ముప్పై ఏళ్ళు బతికినవాడికి గంట కొట్టేవాళ్ళు లేకపోయారు. ఒకరోజు నా వెంట పొలానికి వచ్చి, గట్టు మీద గొంతుక్కూర్చుని మట్టి తవ్వి చూసి, "ఒక్క వానపాము లేదేమిట్రా?" అన్నాడు. నిజంగానే లేదు. మందులు కొట్టీ కొట్టీ మా మళ్ళల్లో కప్ప అరుపు కూడా తగ్గిపోయింది. ఆ తర్వాత ఎక్కడో వారం రోజుల శిక్షణకి వెళ్ళొచ్చాడు. తిరిగొచ్చేటప్పుడు చంకలో ఒక క్యాలెండరు, సంచిలో నాలుగు ఆవు కొమ్ములు, కళ్ళల్లో కొత్త టైంటేబులు దొరికిన వెలుగు. తన రెండెకరాల మడిలో ఇక మందు చుక్క పడకూడదన్నాడు. అంతవరకూ నాకేం అభ్యంతరం లేదు. నిజం చెప్పాలంటే కాస్త సంతోషమే.

అభ్యంతరం చంద్రుడితో మొదలైంది. చంద్రుడు నెలలో పన్నెండు రాశులూ చుట్టివస్తాడట. కొన్ని రాశుల్లో ఉన్నప్పుడు వేరు రోజులు, కొన్నిట్లో ఆకు రోజులు, తర్వాత పువ్వు రోజులు, గింజ రోజులు. ముల్లంగి వేరు రోజున, గోంగూర ఆకు రోజున, వరి గింజ రోజున విత్తాలి. విత్తడానికి చంద్రుడు ఎక్కుతూ ఉండాలి, నాటడానికి దిగుతూ ఉండాలి. "అంటే శుక్లపక్షం, కృష్ణపక్షమే కదా?" అన్నాను నేను. "పెరగడం వేరు, ఎక్కడం వేరు రా. తరిగే చంద్రుడు కూడా ఎక్కుతూ ఉండొచ్చు" అని తల పట్టుకున్నాడు. క్లాసులో ఆఖరి బెంచీ వాణ్ణి చూసినట్టు చూశాడు. మా వదిన మాత్రం వాదించలేదు. "ఇవాళ వేరు రోజటగా, చేమదుంపలు వండనా?" అని గంభీరంగా అడిగేది. అది ఎగతాళో భక్తో నాకు ఇప్పటికీ తెలియదు. కొమ్ముల్లో పేడ కూరి చలికాలమంతా భూమిలో పాతిపెట్టారు. వేసవికి ముందు తీస్తే లోపల కాఫీపొడిలాంటి ఎరువు. దాన్ని గుప్పెడు తీసి పీపాలో నీళ్ళకు కలిపి గంటసేపు కర్రతో తిప్పాలి. సుడి పడేదాకా కుడివైపు, పడగానే దాన్ని చెదరగొట్టి ఎడమవైపు. ఆ గంటలో అరగంట వంతు నాది. తిప్పుతున్నంతసేపూ ఆయన గడియారం పట్టుకుని నిలబడేవాడు.

ఇదంతా పెరట్లో జరిగిన ఐదారేళ్ళూ నవ్వుకున్నాను. మడిలోకి వచ్చేసరికి నవ్వు పోయింది. మాది కాలవ చివరి పొలం. పైవాళ్ళందరూ తాగి మిగిలింది మాకు వస్తుంది. ఆ ఏడు వానలు లేవు, డ్యాములో నీళ్ళు తక్కువ. వారం రోజులు తూము తెరుస్తారు, వారం రోజులు మూస్తారని కబురొచ్చింది. ఆ వారంలోనే దమ్ము చేయాలి, నారు తీయాలి, నాటాలి. నాటే ఆడవాళ్ళు మట్మారి వైపు నుంచి వస్తారు. పన్నెండు మంది ముఠా. నాట్ల కాలమంతా మా క్యాంపు పక్కన ఖాళీ గోదాములో దిగి, పొద్దున్నే టంటం ఆటో ఎక్కి పొలాలకు వెళతారు. వాళ్ళ మేస్త్రమ్మకి యాభై దాటి ఉంటాయి. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో ఆలోచిస్తున్నట్టు ఉంటుంది. ఆమెతో మాట అయ్యిందంటే అయినట్టే. కాదంటే మళ్ళీ ఆ సీజనుకి దొరకదు. ఇప్పుడు చెప్పండి, పై నుంచి వదిలే నీళ్ళకీ, మట్మారి నుంచి వచ్చే మనుషులకీ, ఆకాశంలో తిరిగే చంద్రుడికీ ముహూర్తం కుదర్చడం ఎవరి తరం? ఈ మూడింటిలో ఒక్కటీ మా అన్నయ్య చేతిలో లేదు, నా చేతిలోనూ లేదు. అయినా ఆయన క్యాలెండరు పట్టుకుని తిరిగాడు, నేను మేస్త్రమ్మ చుట్టూ తిరిగాను.

తూము తెరిచిన నాలుగు రోజుల్లో నా మళ్ళు నాటడం అయిపోయింది. ఐదోరోజు అన్నయ్య రెండెకరాలు. మేస్త్రమ్మతో మాట నేనే మాట్లాడాను, క్యాలెండరు చూడకుండా. ముందురోజు సాయంత్రం అన్నయ్య గోడ దగ్గరికి వచ్చి, "రేపు నల్లగడి రా, క్యాలెండర్లో ఏ పనీ చేయొద్దని నల్లరంగు వేసిన గడి. రేపు వద్దు. ఎల్లుండి, ఆవలెల్లుండి బాగున్నాయి" అన్నాడు. "చూద్దాంలే" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఒక్క రోజులో ఆయన మనసు మారుతుందనుకున్నాను. ముప్పై ఏళ్ళు ఒకే బొమ్మ బోర్డు మీద గీసిన మనిషి మనసు మారుతుందని ఎలా అనుకున్నానో!

పొద్దున ఎనిమిదింటికి ముఠా దిగింది. సగం నారు అప్పటికే పీకి కట్టలు కట్టి గట్టు మీద పెట్టారు. మేస్త్రమ్మ చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుంటూ, "సారూ, ఎటు దిక్కుకెల్లి దిగమంటరు?" అని అడిగింది.

"ఇవాళ వద్దమ్మా. రేపు రండి."

"ఎందుకు వద్దు సారూ? నీళ్ళున్నయి, నారున్నది, మేం వచ్చినం. ఇంకేం కావాలె?"

"ఇవాళ మంచి రోజు కాదు."

ఆమె వెనక్కి తిరిగి తనవాళ్ళని చూసింది. "అమాస గిట్ల ఉన్నదా ఏంది? లేదు గద. అమాస పోయి ఐదు దినాలాయె. అమాస నాడైతే మేం గూడ నారు ముట్టం సారూ. గిదేం దినం?"

అన్నయ్యకి అడిగినవాళ్ళకి చెప్పకుండా ఉండటం చేతకాదు. పుల్ల తీసుకుని గట్టు మీద బురదలో రెండు గుండ్రాలు గీశాడు. "ఇది సూర్యుడి దారి. ఇది చంద్రుడి దారి. రెండూ ఇదిగో ఇక్కడ అడ్డంగా కలుస్తాయి. ఇవాళ చంద్రుడు ఈ చోటు దాటతాడు. దాటేటప్పుడు విత్తనం ముట్టుకోకూడదు, నారు ముట్టుకోకూడదు."

"అంటే రాహువే కదా అన్నయ్యా?" అన్నాను నేను ఉండబట్టలేక.

"రాహువు కాదు. ఖండన బిందువు."

మేస్త్రమ్మ ఆ బొమ్మని కాసేపు శ్రద్ధగానే చూసింది. "దాటనీ సారూ. దాటి, ఆయన తొవ్వన ఆయన పోతడు. మేమేమన్న అడ్డం నిలబడ్డమా?"

ఆడవాళ్ళంతా ఘొల్లున నవ్వారు. నేనూ నవ్వాను. అన్నయ్య నవ్వలేదు. ఆమె కూడా అంతలోనే నవ్వు ఆపేసి, "రేపటికెల్లి మాకు వేరే క్యాంపుల మాట అయ్యింది. మాట ఇచ్చినంక తప్పొద్దు గద. గీ దినం పన్నెండు మందికి పని ఖరాబైతది. గది గూడ మీ పుస్తకంల రాసిన్రా సారూ?" అంది.

అన్నయ్య జేబులో చెయ్యి పెట్టాడు. "ఊరికే పోవద్దు, ఇవాళ్టి కూలి ఇస్తాను" అన్నాడు. "పని చెయ్యంది తీసుకునేటోళ్ళం గాదు సారూ" అంది ఆమె. అప్పటికే మాన్వి బస్సు వేళయింది. అన్నయ్యని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలని వదిన బయల్దేరి వచ్చి రోడ్డు మీద నిలబడి ఉంది. అన్నయ్య గట్టు దిగుతూ నా వైపు తిరిగి, "నేను వచ్చేదాకా ఎవరూ మడిలో దిగొద్దు" అన్నాడు. మాస్టారి గొంతుతో అన్నాడు. అరవై దాటిన తమ్ముడితో మాట్లాడే గొంతు కాదది.

బస్సు కదిలిపోయింది. పన్నెండు మంది గట్టు మీద కూర్చుని నా మొహం చూస్తున్నారు. మడి నిండా నీళ్ళు. ముదిరిపోతున్న నారు. రెండు రోజుల్లో తూము మూస్తారు. ఈ ముఠా పోతే మళ్ళీ మనుషులు లేరు. ఇవన్నీ నిజమే. కానీ నేను చేసిన పని ఇవన్నీ లెక్కవేసుకుని చేయలేదు. చిన్నప్పటి నుంచీ ఆయన చెప్పడం, నేను వినడం. లెక్క తప్పితే చెవి మెలేసింది ఆయనే, చదువు మానేస్తానంటే నాన్న ముందు నిలబెట్టిందీ ఆయనే. ఇప్పుడు నాకు తెలిసిన ఒక్క పని, సేద్యం. దాంట్లో కూడా నాకు పాఠం చెప్పడానికి వచ్చాడు, ఆకాశంలో నుంచి. ఆ ఉక్రోషంతో అన్నాను, "దిగండమ్మా. నేను చెప్తున్నాను."

మేస్త్రమ్మ లేవలేదు. "సారు వచ్చినంక ఏమంటడో అన్నా."

"నేను చెప్పుకుంటాను."

"చెప్పుకుంటరా?" అని నన్ను ఎగాదిగా చూసి, "సరే. మాట మీది" అని లేచింది.

రోడ్డు వైపు పల్లపు ఎకరంలో దిగారు. అటు దగ్గర కాబట్టి దిగారు, నేనూ ఏమీ అనలేదు. ఆ సంగతి ముందు ముందు నన్ను ఎంత కాల్చుకు తింటుందో అప్పటికి తెలియదు.

సాయంత్రం నాలుగింటికి బస్సు వచ్చింది. అన్నయ్య వదిన చేయి పట్టుకుని దిగాడు. కళ్ళల్లో మందు వేసినట్టున్నారు, నల్లద్దాలు పెట్టుకున్నా ఎండకి మొహం చిట్లించుకుంటున్నాడు. గట్టు దగ్గరికి వచ్చి అరచెయ్యి కళ్ళకడ్డం పెట్టుకుని చూశాడు. "అక్కడ పచ్చగా కనబడేదేమిటి?" అని వదినని అడిగాడు. వదిన నా వైపు చూసింది.

"నాటించాను" అన్నాను.

"ఎంత అయింది?"

"పల్లపు ఎకరం అయింది. ఇప్పుడే మెరక ఎకరానికి వస్తున్నారు."

ఆయన అరుస్తాడనుకున్నాను. అరిచి ఉంటే బాగుండేది, నేనూ నాలుగు అనేవాణ్ణి, పోట్లాడుకుని తేల్చుకునేవాళ్ళం. "ఇక్కడికి ఆపించు" అన్నాడు, అంతే. మేస్త్రమ్మ అప్పటికే ఒడ్డెక్కి చేతులు కడుక్కుంటోంది. "సారూ, మా తప్పు..." అని ఏదో అనబోతే, "నీ తప్పేం లేదమ్మా. నీ పని నువ్వు చేశావు" అన్నాడు. వాళ్ళని పంపించేశాక నాలుగు కర్రలు తెప్పించి, రెండెకరాల మధ్య గట్టు మీద తడుముకుంటూ పాతాడు. కర్రలకి తెల్లగుడ్డ పీలికలు కట్టాడు. అర్థంకాక చూస్తుంటే, "ఎలాగూ చెడగొట్టావు. పనికొచ్చేలా చెడగొట్టావేమో చూద్దాం. అది నల్లగడి ఎకరం. ఇది మంచిరోజు ఎకరం. రెండిట్లో ఏది ఎలా వస్తుందో రాసుకుంటాను" అన్నాడు.

ఆ మంచిరోజు ఎకరం నాటడానికి మనుషులేరి? మరునాడూ ఆ మరునాడూ మేమే నాటాం. అన్నయ్య, వదిన, నేను, నా భార్య, క్యాంపులో మా దూరపు చుట్టాలు ఇద్దరు. అందరికీ కలిపి ఎన్ని వందల ఏళ్ళుంటాయో! ముఠావాళ్ళు ఒక్కపూటలో గీత గీసినట్టు నాటిపోయిన ఎకరం పక్కన, మా ఎకరం తాగినవాడి నడకలా వచ్చింది. అన్నయ్య తాడు పట్టుకుని వరస చూపించేవాడు, ఆ తాడే వంకరగా పట్టేవాడు. నా భార్య నడుం పట్టేసి గట్టు మీద చేరబడి, "చంద్రుడు దిగుతున్నాడో లేదో గానీ నాకు మాత్రం దిగిపోయింది" అంది. వదిన ఆ రెండు రోజులూ తల ఎత్తకుండా నాటింది. ఎవరితోనూ మాట్లాడలేదు. నా మీద కోపమనుకున్నాను.

రెండోరోజు సాయంత్రానికి తూము మూశారు. వారం తర్వాత తెరవాలి. తెరవలేదు. రెండోవారం కూడా తెరవలేదు. ఆకాశం తోమిన ఇత్తడి పళ్ళెంలా ఉంది. పల్లపు ఎకరం పక్కనే మురుగుకాలవ ఉంది, దాని చెమ్మతో నల్లగడి ఎకరం ఎలాగో ప్రాణం పట్టుకుంది. మెరక ఎకరం పైన నేల నెర్రెలిచ్చింది. ఇంజను తెచ్చి మురుగుకాలవలో పెడితే రెండు గంటలు గుక్కతిప్పుకోకుండా తోడి, తర్వాత బురద కక్కింది. అన్నయ్య రోజూ ఆ మెరక మడిలో మోకాళ్ళ మీద కూర్చుని, మొహం నేలకి ఆనించినంత దగ్గరగా పెట్టి, ఒక్కొక్క మొక్కనీ చూసి నోటుబుక్కులో రాసుకునేవాడు. మొక్కలు ఎర్రబారాయి, చాపలు చుట్టినట్టు చుట్టుకుపోయాయి. మూడోవారం నీళ్ళొచ్చేసరికి సగం మడి ఖాళీ. క్యాంపులో టీ బంకు దగ్గర ఒకటే వెటకారం. మంచిరోజున నాటింది మాడింది, చెడ్డరోజున నాటింది పండిందని, మాస్టారి చంద్రుడు మాస్టార్నే ముంచాడని. నేను నవ్వలేదు. అలాగని నోరు తెరిచి ఒక్కమాటా అనలేదు. అన్నయ్యకి మడి మీద వచ్చిన నష్టం కన్నా ఆ నా మౌనం ఎక్కువ నష్టం చేసి ఉంటుంది.

కోతలకి ముందు ఒకరోజు ఆయన నోటుబుక్కు పట్టుకుని మా వరండాలోకి వచ్చాడు. నాట్లప్పటి నుంచి మా గడప తొక్కలేదు, అదే మొదటిసారి. నిలబడే మాట్లాడాడు.

"నాకు చెప్పకుండా నాటించావని కాదురా నా బాధ. నాటిస్తే నాటించావు, పల్లంలో ఎందుకు నాటించావు? అడ్డంగా కాక నిలువుగా సగం నాటించినా, పల్లం సగం మెరక సగం రెండిటికీ వచ్చేది. ఇప్పుడు చూడు. పల్లం కాబట్టి బతికిందా, ముఠావాళ్ళ చెయ్యి కాబట్టి బతికిందా, చంద్రుడిదంతా వట్టిమాట కాబట్టి బతికిందా? ఏమని రాయను? నేను తప్పని తేలినా నాకు ఫరవాలేదు. ఏదో ఒకటి తేలాలి కదా!"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎకరం ఎండిపోతే పంట పోయిందని ఏడవాలి గానీ ప్రయోగం పోయిందని ఏడుస్తారా? "నీకు పొలం ఆటబొమ్మ అన్నయ్యా. నాకు తిండి" అన్నాను. ఆయన నోటుబుక్కు మూసుకుని వెళ్ళిపోయాడు. గుమ్మం దిగేటప్పుడు మెట్టు సరిగ్గా అందక తూలాడు. కోపంలో ఉన్నాడనుకున్నాను.

వదిన ఆ సాయంత్రమే గోడ దగ్గరికి వచ్చింది. ఆమె చేతిలో చేట ఉంది, అందులో కందిపప్పు. పప్పు ఏరుతూ, నా వైపు చూడకుండా చెప్పింది. "ఏమయ్యా, ఒక సంగతి. నువ్వు నాటించిన రోజు మాన్వి వెళ్ళాం కదా. డాక్టరు చూసి రాయచూరు వెళ్ళమన్నాడు. తర్వాత అక్కడ కూడా అదే మాట. రెండు కళ్ళూ పక్కల నుంచి మూసుకొస్తున్నాయట. గొట్టంలో నుంచి చూసినట్టు మధ్యలో కొంచెమే కనబడుతుందట. మందు వేసుకుంటే ఉన్నది నిలబడుతుంది, పోయింది రాదన్నారు. ఎవరికీ చెప్పొద్దన్నారు మీ అన్నయ్య. బస్సులో వస్తూ ఒకటే అన్నారు, ఇంకెన్ని పంటలు నా కళ్ళతో చూస్తానో, ఈ పంటన్నా సరిగ్గా రాసుకోవాలి అని. దిగేసరికి..."

చేటలో పప్పు గలగలమంటూ ఉంది. నల్లద్దాల వెనక నుంచి పచ్చగా కనబడేదేమిటని ఆయన ఎందుకడిగాడో నాకు అప్పుడు అర్థమైంది. ఆ మాట ముందే చెప్పొచ్చు కదా అని వదిన మీద కోపం వచ్చింది, చెప్పనందుకు అన్నయ్య మీద కోపం వచ్చింది, నా మీద సరేసరి. ఆ కోపాల్లో ఒక్కటి కూడా ఎవరికీ ఉపయోగపడే కోపం కాదు. మెట్టు అందక తూలినప్పుడు చేయి పట్టుకుని ఉండాల్సింది, అంతే.

మరుసటి ఏడు నేనే ఆయన దగ్గరికి వెళ్ళాను. "మడిని నిలువుగా రెండు చేద్దాం. సగం నీ మంచిరోజున, సగం నల్లగడి రోజున. ఒకే ముఠా, ఒకే నారు. నీళ్ళు రెండిటికీ సమానంగా నేను కడతాను" అన్నాను. నోటుబుక్కు ఒళ్ళో పెట్టుకుని పేజీలు తడిమాడు. తర్వాత, "నారు ఒకే వయసుది కావాలి. ఒకటి ముదిరి ఒకటి లేతగా ఉంటే లెక్క రాదు" అన్నాడు. అంటే ఒప్పుకున్నట్టు. మేస్త్రమ్మని బతిమాలి రెండుసార్లు రావడానికి ఒప్పించాను. ఆమె వచ్చినరోజు అన్నయ్య ఆమెను కూర్చోబెట్టి అడిగాడు, మీ ఊళ్ళో చంద్రుణ్ణి చూసి విత్తరా అని. "మా అమ్మ చూస్తుండె సారూ. అనుములు పెట్టాలన్నా, కుంబళకాయ, గదే గుమ్మడి, పెట్టాలన్నా పైకి చూసే పెడుతుండె. గని వాన పడ్డ దినం మాత్రం పైకి చూడకపోతుండె. సద్ది గూడ తినకుండ ఉరుకుతుండె చేనుకు" అంది. అన్నయ్య దాన్ని తూచా తప్పకుండా నోటుబుక్కులో నన్ను రాయమన్నాడు. నాకు కన్నడం రాయడం సరిగ్గా రాదు. తప్పులతోనే రాశాను. అప్పటి నుంచి రాత పని నాదే అయింది.

ఆ ఏడు నీళ్ళు బాగా వచ్చాయి. నేను రోజు మార్చి రోజు రెండు సగాల్లోనూ దిగి, దుబ్బుకి ఎన్ని పిలకలు వేసిందో లెక్కపెట్టి చెప్పేవాణ్ణి, ఆయన గట్టు మీద గొడుగు కింద కూర్చుని వినేవాడు. "సరిగ్గా లెక్కపెట్టావా? ఎండిన పిలక కూడా కలిపావా?" అని ప్రతిసారీ అనుమానమే. ఏమైనా తేలిందా అంటే, లేదు. మంచిరోజు సగంలో పిలకలు కాస్త ఎక్కువ, నల్లగడి సగంలో గింజ కాస్త బరువు. పోయినేడు మళ్ళీ చేశాం. ఈసారి అటుది ఇటూ ఇటుది అటూ అయింది. నాకు విసుగొచ్చి, "ఇంకేం తేలుతుంది అన్నయ్యా, రెండూ ఒకటే" అన్నాను. ఆయనకి కోపం వస్తుందనుకున్నాను. నవ్వాడు. మూడేళ్ళలో ఆయన అలా నవ్వడం చూడలేదు. "ఒకటి రెండేళ్ళతో ఎలా తేలుతుందిరా? వాన ఒక ఏడు ఉన్నట్టు ఒక ఏడు ఉండదు. కనీసం ఏడేళ్ళు చూడాలి. రెండయ్యాయి. ఇంకా ఐదు" అన్నాడు.

ఆయనకి డెబ్బై దాటాయి. చూపు ఇప్పుడు రూపాయి బిళ్ళంత మిగిలింది. నాకు నడుమూ మోకాళ్ళూ పోయాయి. మట్మారి మేస్త్రమ్మ కూడా వచ్చే ఏడు నుంచి ముఠా కూతురికి అప్పగిస్తానంటోంది. ఇంకా ఐదు పంటలు, ఒకే మడిని నిలువుగా చీల్చి, బురదలో వంగి పిలకలు లెక్కపెట్టి, తేలని సంగతి ఒకటి కన్నడంలో తప్పుల్తడకగా రాసుకోవాలి. నాకు చంద్రుడి మీద నమ్మకం అప్పుడూ లేదు, ఇప్పుడూ కుదరలేదు. అయినా సరేనన్నాను. చేతినిండా కాలం ఉందనుకున్నప్పుడు మా అన్నయ్యకి ఒక్క రోజు ఆగలేకపోయాను. ఇప్పుడు కాలం కొద్దిగానే మిగిలిందని తెలిశాక, అడగ్గానే ఐదేళ్ళు ఇచ్చేశాను.